నక్షత్రకుడి కోసం ఎదురుచూడ్డం ఎలా

అప్పు చేసినోడు నక్షత్రకుణ్ణి చూసి పారిపోతాడు గానీ ఎదురుచూసేవాళ్లని నిన్నే చూస్తున్నానని మా ఆవిడ ఒకటే నవ్వు. నిజమే మరి, ఈఎంఐ కట్టమని రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసేవాడినీ చిట్టీ డబ్బుల కోసం గుమ్మం దగ్గర కూర్చునేవాడినీ కూడా మనం నక్షత్రకుడిలా తగులుకున్నాడ్రా బాబూ అనే అంటాం. కానీ నేను చూస్తున్నది వేరే నక్షత్రకుడి కోసం. విజయనగరంలో సత్య హరిశ్చంద్ర నాటకం మళ్లీ పూర్తిగా వేస్తున్నారు, పాంప్లెట్ వాట్సాప్‌లో వచ్చింది, అందులో హరిశ్చంద్రుడి వెంటపడి బాకీ అడిగే నక్షత్రకుడు అన్నచోట మా మాస్టారి పేరుంది. మోకాళ్లు పట్టేసి ఎనిమిదేళ్ల కింద వేషం కట్టడం మానేశారాయన. అప్పట్నుంచి ఇటువైపు హరిశ్చంద్ర ఎక్కడేసినా నేను వెళ్లాను, వచ్చాను, నక్షత్రకుడు గుర్తులేడు.

మా రాజాం నుంచి ఒక పదిమందిమి వెళ్తున్నాం. అందులో సగం మంది పద్య నాటకం ఇంతవరకు పూర్తిగా చూడనివాళ్లే, ఏం తెలుసుకుని రావాలి అని అడుగుతున్నారు, ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక లేక ఇక్కడే రాసేస్తున్నా. హీరో వేషం చూడ్డానికి ఏ ప్రిపరేషనూ అక్కర్లేదు, లైటు ఎలాగూ ఆయన మీదే ఉంటుంది. పక్క వేషం వేసేవాళ్ల అభిమానులం మాత్రం ముందే కొంచెం పని చేసుకోవాలి.

మొట్టమొదట పాంప్లెట్‌ని కింద నుంచి పైకి చదవండి. పైన దేవుడి బొమ్మ, దాతల పేర్లు, తర్వాత హరిశ్చంద్రుడి ఫోటో కిరీటంతో సహా, పేరు ముందు గానగంధర్వ లాంటి బిరుదు ఒకటి, పక్కన చంద్రమతి, ఆ తర్వాత విశ్వామిత్రుడు. నక్షత్రకుడు ఎక్కడో అడుగున, హార్మోనియం ఆయన పేరుకి కాస్త పైన ఉంటాడు. చూడాల్సింది ఏంటంటే హరిశ్చంద్రుళ్లు ఎంతమంది అని. కొత్తవాళ్లకి ఇది వింతగా ఉంటుంది గానీ మన పద్య నాటకాల్లో మామూలే, అడవి సీనుకి ఒకాయన, వారణాసి సీనుకి ఒకాయన, కాటి సీనుకి ఇంకొకాయన, ఒక్కో సీన్లో అన్నేసి పద్యాలు రాగం తీసి పాడాలంటే ఒక గొంతు వల్ల అయ్యే పని కాదు, పైగా ఒక్కో సీనుకి ఒక్కొక్కరు ఫేమస్. పాండవోద్యోగ విజయాలు నాటకాలకీ అంతే, తెల్లారేలోపు ఇద్దరు ముగ్గురు కృష్ణుళ్లు మారతారు. మన నాటకంలో హరిశ్చంద్రుడు మారిపోతాడు గానీ నక్షత్రకుడు తరచూ ఆయనే. అడవిలో ఒకాయన్ని సతాయించి సతాయించి, కాశీకి చేరేసరికి ఇంకో ఆయన ఎదురుగా ఉంటాడు, ఎత్తు వేరు గొంతు వేరు, ఆయనకి తగ్గట్టు మళ్లీ మొదట్నుంచి సర్దుకోవాలి. పెళ్లికొడుకు మారినా బ్యాండు మేళం అదే అన్నట్టు.

ఇక టైము ఎంతో చూడండి. ఊళ్లో సంబరానికి వేసేదైతే రాత్రి పదింటికి మొదలెట్టి కోడి కూసేదాకా లాగుతారు, ఏ సీనూ పోదు. టౌన్లో ఆడిటోరియం అంటే మూడు గంటలకి కుదించేస్తారు, అప్పుడు కత్తెర ముందు పడేది అడవి సీను మీదే. కాటి సీను మాత్రం ఎవరూ ముట్టుకోరు, జాషువా శ్మశానవాటి పద్యాలు ఆ సీన్లోనే పాడతారు కదా, అవి లేకపోతే జనం ఊరుకోరు. కానీ కాటి సీన్లో మన నక్షత్రకుడికి పనిలేదు, అప్పటికి అప్పు తీరిపోయింది. ఆయన వేషంలో సారమంతా అడవిలోనూ వారణాసిలోనూ ఉంది. అందుకే పాంప్లెట్ కింద ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి అడవి సీను ఉందా అండీ అని అడిగేయండి, సిగ్గేం లేదు. నేను చేస్తే అవతల పెద్దాయన "అదేటి బాబూ, అడవి సీను నేకపోతే అరిశ్చంద్ర ఏటి, మరి పేరెందుకు" అన్నారు. అప్పటికి నాకు ఊపిరాడింది.

తర్వాత నాటకం పుస్తకం సంపాదించండి. బలిజేపల్లి లక్ష్మీకాంత కవి 1912లో రాసింది, చిన్న పుస్తకమే, పాత పుస్తకాల షాపుల్లో దొరుకుతుంది, లేకపోతే ఊళ్లో ఎవరో ఒక పెద్దాయన పెట్టెలో ఉంటుంది, అట్టలు ఊడిపోయి. కథ ఎలాగూ తెలిసిందే. ఏనుగెక్కి రత్నం విసిరితే ఎంత ఎత్తు పోతుందో అంత ధనం ఇస్తానన్నాడు రాజు, రాజ్యం పోయినా ఆ బాకీ పోలేదు, వసూలు చేసుకు రమ్మని విశ్వామిత్రుడు శిష్యుణ్ణి వెంట పంపాడు, ఆ శిష్యుడే మన హీరో. కథ కోసం కాకుండా నక్షత్రకుడి మాటలు, వాటికి ముందు ఎవరేం అన్నారు, ఆ రెండు మాత్రం చూసుకుంటూ చదవండి, అదీ బయటికి చదవండి. మా ఇంట్లో నేను నక్షత్రకుణ్ణి, నాన్న హరిశ్చంద్రుడు, చంద్రమతి వచ్చినప్పుడు ఇద్దరం దగ్గేసి పేజీ తిప్పేస్తాం.

చదివేటప్పుడు పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. నక్షత్రకుడు చెడ్డవాడా, గురువు చెప్పిన పని చేస్తున్న మామూలు మనిషా అన్న అనుమానం ఈ నాటకం చూసిన ప్రతివాడికీ వస్తుంది, పుస్తకంలో రెండింటికీ చోటుంది, ఎటు మొగ్గాలో నటుడి ఇష్టం. కొంతమంది మొదట్నుంచి చివరిదాకా కామెడీ చేసేస్తారు, జనం నవ్వుతారు, అయిపోతుంది. మంచి నటుడైతే ఎక్కడో ఒకచోట మెత్తబడతాడు, అది ఎక్కడ అన్నదే అసలు సంగతి. మీకు ఎక్కడ అనిపిస్తే అక్కడ గీత పెట్టుకోండి, నాటకం రోజు ఆయన ఎక్కడ మెత్తబడ్డాడో పోల్చి చూడండి. నేను చంద్రమతిని అమ్మే చోట పెట్టాను. నాన్న అంతకంటే చాలా ముందు, అడవిలో పిల్లాడు లోహితాస్యుడు నడవలేకపోయే చోట పెట్టారు, అదేటి నాన్నా అప్పుడే అంటే "నువ్వు పిల్లలెనకాల నడిసినోడివి కాదు" అన్నారు.

చెవికి కూడా కొంచెం ప్రాక్టీసు కావాలి. డి.వి.సుబ్బారావు గారి హరిశ్చంద్ర రికార్డులు ఇప్పటికీ వినొచ్చు, వారంలో రెండు మూడు రాత్రులు వింటే చాలు, పద్యం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అలవాటవుతుంది. సీస పద్యమైతే నాలుగు పొడుగు పాదాలు, కింద తోకలా తేటగీతో ఆటవెలదో ఒకటి, ఆ చివరి పాదం మీదే అసలు రాగం తీస్తారు, చప్పట్లు పడేదీ అక్కడే. ఇది తెలిస్తే నటుడు ఇంకా ఎంతసేపు పాడతాడో మీకు ముందే తెలుస్తుంది, అది ఎందుకు పనికొస్తుందో కింద చెప్తా. అన్నట్టు మన వైపు జనం రాగానికి పడిపోతారు గానీ మాటకి పట్టం కట్టిన నటుడు కూడా మన జిల్లావాడే, పీసపాటి నరసింహమూర్తి గారు. కృష్ణుడి వేషం అంటే ఆయనే, రాగం తగ్గించి పద్యంలో అర్థం వినబడేలా చెప్పేవారు. మా తాత ఆయన రాయబారం చూడ్డానికి ఎడ్ల బండి కట్టుకుని వెళ్లారట, ఆ మాట కనీసం వందసార్లు విన్నాను, ప్రతిసారీ ఊరి పేరు మారేది. 1892లోనే కన్యాశుల్కం ఆడించిన ఊరు విజయనగరం, 1919 నుంచి సంగీతం కాలేజీ ఉన్న ఊరు, అలాంటి చోట స్టేజి ఎక్కేవాళ్లకి కొంచెం భయం ఉంటుంది, ఉండాలి కూడా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నా. మన నటుణ్ణి ఆయన పద్యం పాడేటప్పుడు కాదు చూడాల్సింది, పక్కవాడి పద్యం నడిచేటప్పుడు చూడాలి.

నేను ఆరో క్లాసులో ఉండగా మా పక్క ఊళ్లో అమ్మోరి సంబరానికి హరిశ్చంద్ర వేశారు. గోనె పట్టా మీద తాత పక్కన కూర్చున్నా, స్టేజికి బాగా దగ్గర, ట్యూబులైట్ల చుట్టూ పురుగులు. అడవి సీన్లో హరిశ్చంద్రుడు మైకు దగ్గరికొచ్చి సీసం ఎత్తుకున్నాడు, రాగం మీద రాగం, హార్మోనియం ఆయన తల ఊపేస్తున్నాడు, జనం అంతా అటే చూస్తున్నారు. తాత నా గడ్డం పట్టుకుని పక్కకి తిప్పి "ఆడ్ని సూడు" అన్నారు. వెనక రెండడుగుల దూరంలో చెక్క బండ మీద మాస్టారు కూర్చుని ఉన్నారు. ఏం చెయ్యట్లేదు. కుడి చెయ్యి మోకాలి మీద పెట్టుకుని బొటనవేలితో వేళ్ల కణుపులు లెక్కపెడుతున్నారు, మన ఆడాళ్లు పాల లెక్క చూసుకున్నట్టు, చిటికెన వేలు మూడు కణుపులు, ఉంగరపు వేలు మూడు కణుపులు, మళ్లీ మొదటికి. గడువు ఇంకా ఎన్ని రోజులుందో చూసుకుంటున్నాడన్నమాట. అక్కడ రాజు ఏడుస్తూ పాడుతుంటే ఇక్కడ ఈ లెక్క. చప్పట్లు మోగాయి, ఈయన తలెత్తి రాజుని చూసి ఒక ఆవలింత తీశారు. అంతే, పందిరంతా గొల్లుమంది.

తర్వాత కాశీలో చంద్రమతిని వేలం వేసే చోట హరిశ్చంద్రుడు మారాడు, రెండో ఆయన వచ్చాడు, ఆయనా బాగా పాడుతున్నాడు. నేను ఇటే చూస్తున్నా. మాస్టారి బొటనవేలు మళ్లీ కణుపుల మీద నడుస్తోంది. కాలకౌశికుడు సొమ్ము ఇచ్చి చంద్రమతిని నడవమన్నాడు. బొటనవేలు ఉంగరపు వేలు రెండో కణుపు మీద ఆగిపోయింది. అక్కణ్ణుంచి కదల్లేదు, సీను అయ్యేదాకా అక్కడే ఉంది, మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు, నోటితో ఇంకా బాకీ గురించే గదమాయిస్తున్నారు. స్టేజికి అంత దగ్గర లేనివాళ్లెవరికీ కనబడి ఉండదు. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తెలీలేదు, తాతకి చెప్తే ఏం మాట్లాడకుండా వేరుశనక్కాయల పొట్లం నా వైపు జరిపారు.

కాబట్టి సీసం మొదలవ్వగానే ఒక్క పాదం పాడేవాడికి ఇచ్చి మిగతా మూడు పాదాలు పక్కవాడికి ఇవ్వండి. పద్యం కొలత తెలిసి ఉండాలన్నది ఇందుకే, చివరి పాదం రాగం అందుకోగానే మన నటుడు తర్వాతి మాటకి లేస్తాడు, ఆ లేవడం పట్టుకోవాలి. ఆయనకి మోకాళ్ల నొప్పి కదా, ఈసారి ఎలా లేస్తారో అని నాకు ఒక పక్క భయం, ఒక పక్క ఆత్రం. ఆ నొప్పినే వేషంలోకి లాక్కుంటారని నా నమ్మకం, అడవిలో నడిచి నడిచి అలిసిపోయిన వసూలుదారుడికి మోకాళ్లు నొప్పెట్టడంలో వింతేముంది.

సీటు సంగతి. మరీ ముందు వరస వద్దు, అది వీఐపీలకి ఉంచేస్తారు, మధ్యలో లేపుతారు కూడా. మూడో వరస నుంచి ఆరో వరస లోపు, హార్మోనియం ఏ పక్క ఉంటే దానికి ఎదుటి పక్క కూర్చోండి. పాడేవాళ్లు శృతి కోసం చెవి అటు వేస్తారు, ఒళ్లు కొంచెం అటు తిరుగుతుంది, ఎదుటి పక్కన కూర్చుంటే వాళ్ల భుజం మీదుగా వెనకున్నవాడు శుభ్రంగా కనిపిస్తాడు. సౌండు బాక్సు పక్కన మాత్రం చచ్చినా కూర్చోకండి.

వన్స్‌మోర్ గురించి చాలామందికి కోపం, నాకు లేదు. హరిశ్చంద్రుడికి వన్స్‌మోర్ పడితే ఆయన అదే పద్యం మళ్లీ ఎత్తుకుంటాడు, పక్కవాడు మాత్రం ఇప్పుడే విన్న మాటని మళ్లీ కొత్తగా విన్నట్టు నటించాలి. ఒకే రాత్రిలో ఒకే పద్యానికి ఆయన రెండు రకాలుగా చేస్తారా లేక అదే చేస్తారా అని చూసే ఛాన్సు ఇంకెక్కడ దొరుకుతుంది. చదివింపులు అలా కాదు, అవంటే నాకు మంట. పద్యం అయ్యీ అవ్వగానే మైకులో ఫలానా వారు ఫలానా వారి గానానికి మెచ్చి నూటపదహార్లు అని చదువుతుంటే స్టేజి మీద అందరూ అలాగే గుడ్లప్పగించి నిలబడాలి, చంద్రమతి కళ్లనీళ్లు ఆరిపోతాయి. ఇవ్వాలనుకుంటే ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి, సీను మధ్యలో కాకుండా కర్టెన్ పడ్డాక ఇవ్వండి. పనిలో పని నక్షత్రకుడి పేరు మీద కూడా ఒకటి చదివించండి, ఆయనకి ఎవరూ చదివించరు.

టైము విషయంలో మాత్రం నా మాట వినండి. ఒకసారి ఒక టౌన్లో సాయంత్రం ఆరింటికి నాటకం అని వేశారు, మేం ఐదున్నరకే వెళ్లి కూర్చున్నాం, సభ అన్నారు, జ్యోతి ప్రజ్వలన అన్నారు, సన్మానాలు అన్నారు, శాలువాలు కప్పిన చేతులతోనే మళ్లీ శాలువాలు కప్పించుకున్నారు, పరదా లేచేసరికి ఎనిమిదీ ఇరవై. అడవి సీను మాత్రం చూసి వారణాసి సీను మొదలవుతుంటే ఆఖరి బస్సు కోసం పరిగెత్తాల్సి వచ్చింది. అదే మాస్టారి చివరి వేషం అని అప్పుడు తెలీదు. అందుకని పాంప్లెట్ టైముకి రెండు గంటలు కలుపుకోండి, తిరుగు ప్రయాణానికి బస్సుని నమ్ముకోకండి, మేం ఈసారి పదిమందికి కలిపి ఒక వ్యాన్ మాట్లాడుకున్నాం. తిండి ముందే కానిచ్చేయండి, ఫ్లాస్కులో టీ, పెద్దవాళ్లుంటే ఒక దుప్పటి, ఏసీ ఆడిటోరియంలో మా నాన్న లాంటివాళ్లు మంకీ క్యాప్ కోసం వెతుక్కుంటారు.

ఈ ఎదురుచూసే రోజుల్లో చెయ్యకూడని పని ఒకటుంది. ఆయన పాత వీడియోలు ఫోన్లో పదే పదే చూడకండి. నేను రెండ్రోజులు చూసి ఆపేశాను, సెల్‌ఫోన్‌లో తీసినవి, పాడేవాడి మీదే కెమెరా పెట్టి ఉంటుంది, మాస్టారు మోచేయి వరకే కనిపిస్తారు. అదీగాక పాత గొంతు చెవిలో పెట్టుకుని వెళ్తే కొత్త గొంతు ఆనదు. ఎనిమిదేళ్లయింది, శృతి ఒక అర తగ్గించుకుని ఉంటారు, పద్యంలో సగం రాగం వదిలేసి మాటగా చెప్పేస్తారేమో కూడా. చెప్పనివ్వండి. నక్షత్రకుడు రాగం తియ్యకపోతే బాకీ ఏమీ ఆగిపోదు.

మేకప్ రూముకి నాటకం ముందు వెళ్లొద్దు. అర్దళం రంగు పూసుకుని మొహం బిగిసిపోయి ఉంటుంది, పద్యాలు లోపల తిరుగుతుంటాయి, ఆ టైములో సెల్ఫీ అడిగితే పాపం కాదనలేరు. అయిపోయాక వెళ్లండి. శాలువా ఆల్రెడీ చాలా ఉంటాయి, పటికబెల్లం మిరియాలు ఒక పొట్లం కట్టి ఇస్తే గొంతుకి పనికొస్తుంది. బాగా చేశారు మాస్టారూ అనడం కన్నా ఫలానా చోట మీరు ఫలానాది చేశారు అని ఒక్కటి చెప్పండి, క్యారెక్టర్ వేషం వేసేవాళ్లకి అది ఎవరో ఒకరు చూశారని తెలిస్తే చాలు. మీరు సినిమాల్లోకి వెళ్లుంటే ఎక్కడో ఉండేవారు అని మాత్రం అనకండి, ఆ మాట విన్నప్పుడల్లా ఆయన నవ్వే నవ్వు నేను చూశాను.

కణుపుల లెక్క సంగతి ఇన్నేళ్లలో ఆయన్ని ఎప్పుడూ అడగలేదు. కావాలని చేశారో, చేతికి అలవాటో నాకు తెలీదు. ఈసారి వేలు ఎక్కడ ఆగుతుందన్న దాని మీద నాకూ నాన్నకీ పందెం కూడా అయింది, నాది కాశీ, ఆయనది అడవి, ఓడినవాళ్లు వ్యాన్లో ఉన్న పదిమందికీ పుణుకులూ టీ ఇప్పించాలి. డబ్బులు తర్వాత ఇస్తానంటే కుదరదట. "అప్పెట్టేవంటే సూడు, మీ మాస్టార్నే పంపుతాను" అన్నారు నాన్న.